మహేశ్వరి విప్పిన జోడీలు

హైదరాబాద్‌లో పురానాపూల్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు వచ్చే దారిలో, ఒక ఇరుకు గల్లీలో పాత ట్రాక్టర్ సామాన్ల దుకాణం ఒకటుంది. దాన్ని నడిపే మహేశ్వరికి ఓ అలవాటు. పొద్దున షట్టర్ ఎత్తి, ఊదుబత్తి ముట్టించి, దేవుడి పటానికి దండం పెట్టుకున్నాక, తనకు మేలు చేసిన మనుషుల్ని ఒక్కొక్కరినే మనసులో తలుచుకుంటుంది. అందులో వింతేముంది అంటారేమో, ఆగండి. ఆ వరుసలో మొట్టమొదటి పేరు బసవయ్యది. పరిగి దగ్గర పల్లెలో రైతు. ఈ భూమ్మీద ఆమెను అతను తిట్టినన్ని తిట్లు ఇంకెవరూ తిట్టలేదు. కట్టుకున్న మొగుడి పేరు కూడా అతని తర్వాతే వస్తుంది. ఎందుకో మొదటినుంచీ చెబితే తప్ప అర్థం కాదు.

మహేశ్వరి పుట్టింది బేగంబజార్‌లో, కిరాణా వ్యాపారుల ఇంట్లో. పసుపు, మిరపకాయలు, చింతపండు బస్తాల మధ్య పెరిగిన పిల్ల. ఆమెను తెచ్చి ఆనందరావుకు ఇచ్చారు. ఆనందరావుది తండ్రి పెట్టిన దుకాణం. కొత్త ట్రాక్టర్ కొన్నవాడికి షోరూము ఉంటుంది, దానికి ఫోన్ నంబరు ఉంటుంది, టోపీ పెట్టుకున్న మెకానిక్ మోటారుసైకిల్ మీద వస్తాడు. మరి ముప్పై ఏళ్ల కిందటి బండి సంగతి? ఆ రకాన్ని చేయడం కంపెనీయే ఎప్పుడో మానేసింది. కంపెనీ మరిచిపోయిన బండిని రైతు మరిచిపోలేడు కదా, దాంతోనే దున్నాలి, దాంతోనే తినాలి. అట్లాంటివాళ్లు విరిగిన ముక్కను తువ్వాలలో మూటగట్టుకుని పరిగి నుంచి, షాద్‌నగర్ నుంచి, కల్వకుర్తి నుంచి బస్సెక్కి ఆనందరావు దగ్గరికి వచ్చేవాళ్లు. మూతపడ్డ డీలర్ల గోదాముల్లోంచి, ఊళ్లలో చచ్చిన బండ్లలోంచి ఏరి తెచ్చిన సామాను ఆయన దగ్గర గుట్టలుగా ఉండేది. తన దగ్గర లేకపోతే రాయచూరుకో నిజామాబాదుకో ఫోన్ కలిపి, దొరికేదాకా వదిలేవాడు కాదు. లేదు అనే మాట ఆయన నోట వచ్చేది కాదు.

దుకాణం మీదే రెండు గదుల ఇల్లు. ఇన్నేళ్ల సంసారంలో మహేశ్వరికి ట్రాక్టర్ సామానుతో ఉన్న చుట్టరికమల్లా మొగుడి చొక్కాల మీది గ్రీజు మరకలే. వాటిని తిట్టుకుంటూ ఉతకడమే ఆమె పని.

మొన్న చలికాలంలో ఆనందరావుకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. బుర్ర మాత్రం నిక్షేపంగా ఉంది. అన్నీ అర్థమవుతాయి, ఏదీ చెప్పలేడు. నోరు తెరిస్తే ఊఁ ఊఁ అనే శబ్దం తప్ప మాట రాదు. ఆసుపత్రి చుట్టూ తిరిగిందంతా తమ్ముడు పురుషోత్తమే. బేగంబజార్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్ చేస్తాడు, అన్నంటే ప్రాణం. అన్నను ఇంటికి తెచ్చాక వదినెతో మెల్లగా ఒక మాట అన్నాడు. ఈ ఇనుమంతా తూకానికి అమ్మేద్దాం, దుకాణం కిరాయికిద్దాం, నువ్వు సుఖంగా అన్నను చూసుకో అని. సొంత తమ్ముడి ప్రేమే అది, అందులో దుర్బుద్ధి ఏమీ లేదు.

కానీ ఆనందరావు ఫోన్ మోగడం మానలేదే! సేటు లేడా, సీలు కావాలె, బేరింగ్ కావాలె అంటూ ఊళ్ల నుంచి ఒకటే ఫోన్లు. సేటుకు బాగలేదని చెబితే, అయ్యో అని కాసేపు బాధపడి, మరి మా బండి గతేంది అని అడిగేవాళ్లు. ఆ అడగడంలో ఏముందోగానీ మహేశ్వరికి మనసొప్పలేదు. ఈ ఒక్క వానాకాలం నన్ను నడపనివ్వమని మరిదిని అడిగింది. నడపలేకపోతే నేనే నిన్ను పిలిచి కాంటా పెట్టిస్తానంది. పురుషోత్తం తల పట్టుకున్నాడు, కానీ సరేనన్నాడు.

ఉగాదికి దుకాణం తెరుద్దామని ముహూర్తం పెట్టుకుంది. తెరిచే ముందు శుభ్రం చేయాలి కదా. అదిగో, అక్కడ పడింది అడుగు తప్పుగా. లోపలికి వెళ్లి లైటు వేసింది. గోనె ముక్కల్లో చుట్టి, సన్నతీగతో బిగించి కట్టిన మూటలు మూలమూలనా పడి ఉన్నాయి. ఒక్కో మూటలో పళ్ల చక్రం పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. పెద్దదాన్ని క్రౌన్ అంటారు, చిన్నదాన్ని పినియన్ అంటారు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు తిప్పి పంపేది ఆ రెండే. మహేశ్వరి కిరాణా ఇంటి ఆడపడుచు. మిరపకాయల బస్తాలో చింతపండు కలిసి ఉంటే ఆమె తండ్రి అన్నం ముట్టేవాడు కాదు. ఇదేం అవతారం, పెద్దవీ చిన్నవీ ఒకే మూటలోనా అని మొగుణ్ని ముద్దుగా విసుక్కుంటూ, కటింగ్ ప్లేయర్ తీసుకుని తీగలన్నీ తెంపేసింది. కిరోసిన్‌లో కడిగి, తుడిచి, పెద్దవన్నీ ఒక డబ్బాలో, చిన్నవన్నీ ఇంకో డబ్బాలో సైజు ప్రకారం పేర్చింది. దుకాణం తళతళలాడింది. గల్లీలో వాళ్లు తొంగిచూసి మెచ్చుకున్నారు కూడా. ఆనందరావు చూడలేదు. ఆ నిట్టనిలువు మెట్లు దిగే శక్తి ఆయనకు అప్పటికి రాలేదు.

అది తప్పని చెప్పగలిగిన మనిషి ఇంకొకడున్నాడు, సామ్యూల్. బస్ డిపో వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యాడు, ఉండేది బహదూర్‌పురాలో. ట్రాక్టర్ వెనక భాగాలు విప్పి బిగించడంలో మంచి పనివాడు, ఆనందరావుకు రోజూ చాయ్ దోస్తు. కానీ అప్పుడే బిడ్డ కాన్పని వరంగల్ పోయి కూర్చున్నాడు.

ఎండాకాలమంతా దుకాణం బాగానే నడిచింది. సీళ్లు, బెల్టులు, ఫిల్టర్లు. రైతు తెచ్చిన పాత ముక్క పక్కన కొత్తది పెట్టి చూసుకోవడమే, అందులో తప్పు పోవడానికి లేదు. మిరుగం, అంటే మృగశిర కార్తె, దగ్గర పడుతుండగా బసవయ్య వచ్చాడు. అతని బండిలో క్రౌన్ పినియన్ పళ్లు ఊడాయి. మహేశ్వరి అతను తెచ్చిన వాటిని పక్కన పెట్టుకుని, పళ్లు లెక్కపెట్టి, కొలిచి, ఒక డబ్బాలోంచి పెద్దది, ఇంకో డబ్బాలోంచి చిన్నది తీసింది. అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. తను మొదటిసారి అమ్మిన పెద్ద సామాను అది. బసవయ్య వెళ్లాక దేవుడి ముందు కర్పూరం వెలిగించింది కూడా, పిచ్చితల్లి.

మిరుగం దాటి మొదటి వానలు పడ్డాయి. ఆనందరావుకు కాస్త ఓపిక వచ్చింది. ఒకరోజు పొద్దున ఇద్దరు హమాలీలు ఆయన్ని కుర్చీతో సహా కిందికి దించారు. మహేశ్వరికి పండగలా ఉంది. చూడు, నీ దుకాణం ఎట్లా పెట్టానో చూడు అన్నట్టు నిలబడింది. ఆయన అటూ ఇటూ చూశాడు. ఆ రెండు డబ్బాల దగ్గర చూపు ఆగింది. ఊఁ ఊఁ అంటూ ఎడమ చేత్తో కుర్చీని బాదడం మొదలుపెట్టాడు. ఆమె చాయ్ తెప్పించింది, తాగలేదు. ఫ్యాన్ వేసింది, కాదు. దుప్పటి కప్పింది, విసిరికొట్టాడు. ఆఖరికి ముందుకు వంగి, పడబోయి, కింద దొరికిన తీగముక్కను ఎడమ చేత్తో అందుకుని ఆమె ముఖం ముందు ఆడించాడు. కళ్లల్లో నీళ్లు. ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చాడు సామ్యూల్, వరంగల్ నుంచి దిగి, మనవడు పుట్టిన మిఠాయి చేత్తో పట్టుకుని. డబ్బాల వంక చూశాడు, ఆనందరావు చేతిలోని తీగ వంక చూశాడు. మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టేశాడు.

“వదినె, గివి జోడీలు,” అన్నాడు. “కంపెనీల రెంటినీ ఒకదానితోని ఒకటి రాపాడించి కుదురుస్తరు. గందుకే రెంటి మీద ఒకటే నంబరు గీకుతరు. ఒకదాని జోడి ఇంకోదానికి పెడితె మొదలు ఊళ పెడ్తది, తర్వాత పళ్లు రాలుతయి. ఆ ముక్కలు లోపల పడి గేర్ల పెట్టె పగిలిందా, ఇగ బండి ఖతం. గసొంటి పెట్టె ఇప్పుడు ఏడ దొరకదు. ఎవలికన్న అమ్మినవా?”

మహేశ్వరి అక్కడే గోనెసంచి మీద కూర్చుండిపోయింది. అమ్మింది ఒక్కరికే. ఆ ఒక్కడూ ఇప్పుడు వానకు నేల తడిసిన పదునులో ఆ బండితోనే దున్నుతూ ఉంటాడు.

కబురు తెలిసి పురుషోత్తం పరుగున వచ్చాడు. విషయమంతా విన్నాడు. తర్వాత వదినె మేలు కోరే చెప్పాడు.

“బిగించినంక మన జిమ్మ కాదు, వదినె. ఈ బజారు కాయిదానే గట్ల ఉన్నది. విరిగితే మేస్త్రి సరిగ బిగించలే అంటరు. నువ్వు ఫోన్ చేస్తివా, నీ దుకాణం నువ్వే మూసుకున్నట్టు.”

అది అబద్ధం కాదు. గల్లీలో ఎవరిని అడిగినా అదే చెబుతారు. సామాను బండిలో పడిందా, దుకాణదారుకు సంబంధం తెగినట్టే. మహేశ్వరి మొగుడి వైపు చూసింది. ఆయన ఆమెను చూడడం లేదు. బల్ల మీదున్న ఫోన్‌నే చూస్తున్నాడు. ఆమె లేచి, ముఖం తుడుచుకుని, నంబరు నొక్కింది.

అవతల ట్రాక్టర్ మోత. ఆ మోత మీద సన్నగా, తీగ సాగినట్టు ఒక ఊళ ఆమెకు కూడా వినపడింది.

“బసవయ్య అన్నా, బండి ఆపు.”

“ఎందుకాపాలె?”

“నేను నీకు తప్పు సామాను ఇచ్చిన. నాకు తెల్వక ఇచ్చిన. ఇంక జరసేపు నడిపితె బండి పోతది. నీ కాళ్లు మొక్కుత, ఆపు.”

ఇక చూడండి. బసవయ్య నోరు అట్లాంటి ఇట్లాంటి నోరు కాదు. పదును పోతున్నదని, ఊరంతా విత్తనం వేస్తున్నదని, పప్పు ఉప్పు అమ్ముకోవాల్సిన ఆడదానికి ట్రాక్టర్ సామాను ఎందుకని, సేటు పడిపోగానే దుకాణానికి శని పట్టిందని తిట్టాడు. ఆమె తాతముత్తాతలను కూడా పేరుపేరునా పలకరించాడు. ఫోన్ పక్కనున్నవాళ్లందరికీ వినపడుతూనే ఉంది. మహేశ్వరి ఫోన్ పెట్టేయలేదు, చెవి దగ్గరినుంచి దూరం జరపలేదు, మారుమాట అనలేదు. ఆ తిట్లన్నిటి వెనక ఒక్కటి మాత్రం విన్నది. ఇంజను శబ్దం తగ్గి, తగ్గి, ఆగిపోయింది. అంత కోపంలోనూ ఆమె మాట నమ్మి ఆపేశాడు మహానుభావుడు. ఆపకుండా పౌరుషానికి పోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఆమెకు ఇవాళ్టికీ ఒళ్లు జలదరిస్తుంది.

సామ్యూల్ ఉపాయం చెప్పాడు. ఉన్నవాటన్నిటినీ నంబరు చూసి జోడి కలపాలి. అన్నీ కలిసిపోయాక ఒక క్రౌన్, ఒక పినియన్ ఒంటరిగా మిగులుతాయి. బసవయ్య బండిలో ఉన్నవాటికి జతలు అవే. చెప్పడానికి సులువే. కానీ ఏళ్ల తుప్పు కింద ఆ నంబర్లు కనపడితేనా! సూదితో గీకినంత సన్నవి.

అప్పుడు గల్లీ కదిలింది. ఎవరు పిలిచారని వచ్చారో మహేశ్వరికి తెలియదు. లారీ సామాన్ల ఖలీల్ భాయ్ తన షట్టర్ దించేసి భూతద్దం పట్టుకుని వచ్చాడు. ఎదురుగా తాళ్లు అమ్మే సక్కుబాయి కొంగు దోపుకుని కిరోసిన్ గిన్నె ముందు కూర్చుంది. పురుషోత్తం, అంతసేపు వద్దు వద్దన్న మనిషి, తెల్లచొక్కా చేతులు మడిచి గ్రీజులో చెయ్యి పెట్టాడు. ఆనందరావు ఒళ్లో ఒక్కో చక్రం పెడితే, ఎడమ చేత్తో వైరు బ్రష్ పట్టుకుని రుద్దుతూనే ఉన్నాడు. నంబరు దొరికితే ఖలీల్ భాయ్ గట్టిగా చదివేవాడు, ఇంకెవరో దాని జత అందించేవాళ్లు. తీగ ఒక కొస ఆనందరావు వేళ్లతో నొక్కిపట్టుకుంటే రెండో కొస మహేశ్వరి మెలిపెట్టి బిగించేది. పొద్దు గూకేసరికి నేల మీద నిజంగానే ఒక క్రౌన్, ఒక పినియన్ మిగిలాయి. మహేశ్వరి అందరి ముందూ గట్టిగా ఏడ్చేసింది. సక్కుబాయి గ్రీజు చేతులతోనే ఆమెను దగ్గరికి తీసుకుంది.

మరుసటి పొద్దున ఆమె, సామ్యూల్ ఇమ్లీబన్ బస్టాండులో పరిగి బస్సెక్కారు. బస్తాలో ఏముందని కండక్టర్ అడిగి, ఎత్తి చూసి, నడుం పట్టుకుని, ఇంకేం అడగకుండా పోయాడు. ఊళ్లో బసవయ్య ఎదురుపడ్డాడు. చెట్టు కింద ఆగి ఉన్న బండిని చేత్తో చూపించి ముఖం తిప్పుకున్నాడు. అతని భార్య నాగమణమ్మ మాత్రం, కోపం కోపమే, వచ్చినవాళ్లు వచ్చినవాళ్లే అన్నట్టు జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి ముందు పెట్టింది. మహేశ్వరికి ఆకలి లేదు. లేకపోయినా తిన్నది, అది వద్దనగల అన్నం కాదని ఆమెకు తెలుసు.

సామ్యూల్ బండి వెనక భాగం విప్పాడు. నూనెలో వెండి పొడి కలిసినట్టు మెరుస్తోంది. క్రౌన్‌కు రెండు పళ్ల అంచులు చిట్లాయి, పినియన్ బాగానే ఉంది. టార్చి వేసి పెట్టె లోపలంతా తడిమి చూశాడు. పగలలేదు. ఇంకో చుట్టు దున్ని ఉంటే పగిలేదే అని మెల్లగా అన్నాడు. బసవయ్య కూడా వంగి చూశాడు. తెచ్చిన క్రౌన్ మీది నంబరు మహేశ్వరి చదివింది, బండిలోని పినియన్ మీది నంబరు సామ్యూల్ చదివాడు. రెండూ ఒకటే. బిగించి, కొత్త నూనె పోసి, స్టార్టు చేస్తే ఊళ లేదు. మహేశ్వరి మడ్‌గార్డ్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని విన్నది. బసవయ్య ఎక్కి కూర్చుని, పదును ఆరిపోతుందని నేరుగా పొలానికి తోలుకుపోయాడు. పోతున్నానని కూడా చెప్పలేదు.

ఆ తర్వాత దుకాణం మూగబోయింది. ఫోన్ మోగదు, మనిషి రాడు. వానలు పడి ఊళ్లన్నీ పొలాల్లో ఉన్నాయి, ఎవరికి తీరిక అని సామ్యూల్ అంటూనే ఉన్నాడు. మహేశ్వరి నమ్మలేదు. బసవయ్య నోరు తను విన్నదే కదా. పరిగి నుంచి కల్వకుర్తి దాకా చెప్పేసి ఉంటాడు. అతన్ని తప్పుపట్టలేదు కూడా. బండి దక్కింది, అది చాలనుకుంది. ఇచ్చిన మాట ప్రకారం తనే మరిదికి ఫోన్ చేసి కాంటా తెమ్మంది. ఆ సంగతి ఆనందరావుతో చెప్పినప్పుడు ఆయన చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుకాణం పోతున్నందుకు కాదు, తన చేతిలో ఉండగా నిలబెట్టలేకపోయానే అన్న బాధ ఆమెను తినేసింది.

పాత ఇనుము కొనే ఆయన పెద్ద కాంటాతో వచ్చాడు. ఆనందరావు కూడా చూడాలన్నట్టు సైగ చేస్తే కిందికి దించారు. పురుషోత్తం ముఖం పీక్కుపోయి ఉంది, తను అడిగింది జరుగుతున్నా అతనికి సంతోషం లేదు. ఇనుమాయన జోడీలున్న మొదటి డబ్బాను కాంటా మీదికి ఈడ్చాడు.

అప్పుడు గుమ్మంలో ఎవరో దగ్గారు. బసవయ్య. పక్కన ఒక బక్కపలచటి రైతు, చేతిలో తువ్వాల మూట. మహేశ్వరి రెండడుగులు వెనక్కి వేసింది. బండి మళ్లీ ఆగిందేమో, తిట్టడానికి ఇంత దూరం వచ్చాడేమో అనుకుంది. బసవయ్య ఆమెతో మాట్లాడనే లేదు. కాంటా వైపు ఒకసారి చూసి, పక్కనున్న మనిషితో అందరికీ వినపడేట్టు అన్నాడు.

“గీ సేటమ్మనే. నాకు తప్పు సామాను ఇచ్చింది. నాకు ఎర్కలే, మా మేస్త్రికి ఎర్కలే. ఇచ్చినామెనే ఫోన్ చేసి చెప్పింది. నేను తిడుతుంటె ఫోన్ పెట్టలే, తెల్లారంగ మోసుకొచ్చింది. అమ్మినంక గిట్ల చెప్పేటోళ్లను నా ఉమర్‌ల చూడలే. నీ బండి గూడ పాతదే గదా, ఇంకేడికీ పోకు. ఈడికే రా.”

ఆనందరావు ఎడమ చేత్తో కుర్చీని రెండుసార్లు తట్టాడు. మహేశ్వరి బసవయ్యకు దండం పెట్టబోతే చేతులు గ్రీజుగా ఉన్నాయి, అట్లాగే పెట్టింది. ఆ తర్వాత మరిది వైపు తిరిగింది.

“పురుషోత్తం, ఆ కాంటా తీసెయ్యమను. ఇయి తూకానికి అమ్మేటియి కావు.”

పురుషోత్తం ఇనుమాయన కోసం ఆగలేదు. తనే వంగి, డబ్బాను రెండు చేతులా పట్టుకుని లోపలికి లాగాడు.